మేనేజరు గారి చెవి, సూదిపిన్ని కాలు

ఆ కాలు తీసింది లారీ కాదు, మీరు. మేనేజరు గారూ, మీరు. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన యజమానులూ, మీరు. ఆయన చెవికి నొప్పి అనగానే కుక్కిన పేనులా పడున్న డ్రైవర్లూ, మీరు కూడా. పక్కవాడి వైపు చూడకండి. పక్కవాడూ ఇందులో ఉన్నాడు.

ఎలా తీశారో చెబుతాను. నేను అదే యార్డులో బస్తాలు దించేవాణ్ణి. చూసిందే చెబుతాను. నచ్చకపోతే మీ చెవులు మీరే మూసుకోండి, అది మీకు బాగా అలవాటైన పనే.

మా యార్డులోకి లారీ వచ్చిందంటే ముందు గేటు, తర్వాత బరువు తూచే కాటా. కాటా దిగాక ఆఫీసు భవనం మూల తిరిగితేగానీ గోడౌన్లు రావు. ఆ మూల దగ్గర ఉంది అసలు సంగతి. డ్రైవరు మెడ ఎంత చాచినా గోడ తప్ప అవతల ఏముందో కనబడదు. ఆ గోడకు ఇవతల మేనేజరు గారి గది, కిటికీ, చల్లటి గాలి యంత్రం. అవతల, అదే గోడకు ఆనించి, ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో చిరిగిన టార్పాలిన్లు కుట్టే మనిషి మా సూదిపిన్ని.

ఆమె పేరు ఎవరూ పలకరు. గోనెసంచులు కుట్టేంత పెద్ద సూది చేతిలో, అంతకన్నా పెద్దది నోట్లో, అందుకని సూదిపిన్ని. నేల మీద కూర్చుని, ఎడమ కాలి బొటనవేలితో టార్పాలిన్ అంచు తొక్కిపట్టి, రెండు చేతులా దారం లాగేది. మాకు రెండు చేతులే, ఆమెకి మూడు అనేవాళ్ళం. షెడ్డు చిన్నది, టార్పాలిన్ పెద్దది. అందుకని మడతపెట్టాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకుని వెనక్కి నడుస్తూ దారిలోకి రావాలి. షెడ్డు ఇంకోచోట వేయండయ్యా అని ఎన్నిసార్లో అడిగింది. "ఉన్న గోడ వాడుకుంటే ఒక గోడ ఖర్చు తగ్గింది కదమ్మా" అన్నారు. గోడ మిగిలింది. ఏం పోయిందో చెబుతాను.

పాత రోజుల్లో ఆ మూల దగ్గర ఒక మంచి అలవాటు ఉండేది. మూల తిరిగే ముందు ప్రతి డ్రైవరూ హారన్ ఒక్కసారి నొక్కేవాడు. ఒక్కసారే. పిన్ని తల ఎత్తేది, కాలు లోపలికి లాక్కునేది, బండి పోయేది. ఇదేం గొప్ప చదువు కాదు. కంటికి కనబడని చోట చెవికి చెప్పడం. హారన్ పుట్టిందే అందుకు.

అలాగని మా డ్రైవర్లేదో ధర్మరాజులని అనుకోకండి. గేటు దాటి రోడ్డెక్కారంటే ఆ హారన్‌తో చేయని పాపం లేదు. ఎర్రదీపం వెలుగుతుంటే హారన్. కుక్క పడుకుంటే హారన్, లేస్తే హారన్. టీ కావాలంటే కొట్టు ముందు బండి ఆపి, దిగడానికి బద్ధకమేసి, హారన్. ఆసుపత్రి ముందు మరీనూ, లోపలున్నవాళ్ళు బతికున్నారో లేదో వీళ్ళకి తెలియాలన్నట్టు.

అందరిలోకీ ఘనుడు పిన్ని సొంత అల్లుడు. వాడికి యార్డు పెట్టిన పేరు సన్నాయి. తన లారీకి ఏదో ఒక పాట ముక్క వాయించే హారన్ పెట్టించుకున్నాడు. ఎదుటివాడు దారి ఇచ్చాక కూడా పాట పూర్తయ్యేదాకా వదిలేవాడు కాదు.

పిన్ని వాణ్ణి వదిలేది కాదు. "నీ హారన్ విని కూడా నా కూతురు నిన్ను చేసుకుందంటే దాని చెవులు ముందు డాక్టరుకి చూపించాల్సింది" అనేది.

"అత్తా, నా బండికి బ్రేకుంది. నీ నోటికేదీ?" అనేవాడు వాడు.

"నా నోటికి బ్రేకేస్తే నువ్వు తిండి మర్చిపోయి స్టీరింగు నాకుతావురా."

ఇలా ఉండేవి వాళ్ళ ప్రేమలు. యార్డంతా వినేది. మేనేజరూ వినేవాడు. ఆయన ఇది గుర్తుపెట్టుకున్నాడు, మీరూ గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు మేనేజరు గారు పెద్దాయనతో ఫోన్లో మాట్లాడుతున్నారు. పెద్దాయన అంటే ఈ గోడౌన్లన్నీ ఎవరివో ఆయన. సరిగ్గా అప్పుడే మూల దగ్గర ఎవడో రివాజు ప్రకారం హారన్ కొట్టాడు. ఫోన్లో పెద్దాయన నవ్వాడట. "ఏమయ్యా, ఆఫీసులో ఉన్నావా, బస్టాండులో ఉన్నావా?" అన్నాడట. అంతే. పెద్దాయన నవ్వుకి అడుగున ఉన్నవాళ్ళ ఎముకలు విరుగుతాయని అప్పటికి మాకు తెలీదు.

మేనేజరు బయటికొచ్చాడు. డ్రైవర్లందర్నీ పిలిచాడు.

"నా కిటికీ పక్కన ఎవడు హారన్ కొట్టినా వాడి బండి వరుసలో ఆఖరికి" అన్నాడు.

వరుసలో ఆఖరికి అంటే మీకు చిన్న మాట. మాకు కాదు. అప్పటిదాకా ఎండలో కాచుకుని ముందుకొచ్చిన బండి మళ్ళీ వెనక్కి పోవాలి. ఆ రోజు సరుకు దిగదు. ఇంకో లోడు దొరకదు. బండి కిందే స్నానం, బండి కిందే నిద్ర.

ఒక ముసలి డ్రైవరు ధైర్యం చేశాడు. "అయ్యా, అవతల ఆడమనిషి కూర్చుని ఉంటుంది. కొట్టకుండా ఎలా తిప్పాలి?"

"కళ్ళు లేవా నీకు? చూసి తిప్పు."

"గోడ అడ్డం కదండీ."

"అయితే గోడనడుగు" అని లోపలికెళ్ళిపోయాడు.

గమనించారా? కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు, బోర్డు పెట్టలేదు. అంతా నోటి మాట. గట్టివాడు. రాసింది కోర్టుకెళుతుంది, అన్నది గాలికెళుతుంది.

మరి రోడ్డు మీద కుక్కల్ని కూడా వదలని మన హారన్ వీరులు ఏం చేశారు? సమ్మె చేశారా? కాటా దగ్గర బళ్ళు ఆపేశారా? అబ్బే. తెలివి చూపించారు. మూల దగ్గరికి రాగానే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేత్తో ఇనప తలుపు మీద దబ్ దబ్ మని రెండు దెబ్బలు కొట్టడం మొదలెట్టారు. మేనేజరు చెవికి అది నొప్పి కాదు, పిన్ని చెవికి అందుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో! వందల బస్తాలు మోసే బండి. దానికి పుట్టుకతో ఒక గొంతు ఉంది. దాన్ని నొక్కిపెట్టి చేత్తో తలుపు బాదడం.

"ఏరా, పెళ్ళాం తలుపు తీయలేదా?" అనేది పిన్ని, దెబ్బలు వినబడినప్పుడల్లా కాలు లోపలికి లాక్కుంటూ. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే అలవాటు పడ్డారు. అదీ మన జబ్బు. మెడ మీద కాలేస్తే ముందు గిలిగింత అనుకుంటాం.

కొత్త డ్రైవరు ఎవడైనా వస్తే పాతవాడే నేర్పేవాడు: ఇదిగో, ఇక్కడ హారన్ కొట్టకు, తలుపు కొట్టు. అదేదో పెద్దల కాలం నుంచి వస్తున్న ఆచారంలాగా. లోపల మింగిన హారన్లన్నీ గేటు దాటాక బడికెళ్ళే పిల్లల మీద కక్కేవాళ్ళు.

అలా నడిచింది, వాన పడేదాకా.

వానలో ఎవడూ కిటికీ అద్దం దించడు కదా. ఆ రోజు కుండపోత. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే లోపల పక్కమనిషి అరిచినా వినబడదు. టార్పాలిన్లు తడిసిపోతున్నాయని పిన్ని ఒకదాన్ని మడతపెట్టబోయింది. అంచు పట్టుకుని వెనక్కి నడుస్తూ దారిలోకొచ్చింది. అటునుంచి సన్నాయి వచ్చాడు. అద్దం ఎత్తి ఉంది. అయినా వాడు అలవాటు మానలేదు, లోపలినుంచే తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. తన చెవికే సరిగ్గా వినబడి ఉండదు. తిప్పాడు.

ముందు చక్రం ఆమె ఎడమ పాదం మీద ఎక్కింది.

అరుపు మాత్రం అందరికీ వినబడింది. మేనేజరు గారికి కూడా. కిటికీ తెరిచి "ఏంటా గోల?" అని అడిగాడు.

సన్నాయి దూకి, అత్తని చేతుల మీద ఎత్తుకుని ఆ వానలో గేటు దాకా పరిగెత్తాడు. ఆసుపత్రిలో పాదంలో ముందరి సగం తీసేశారు. బొటనవేలు, ఆ టార్పాలిన్ తొక్కిపట్టే వేలు, అదే ముందు పోయింది.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు కదా. రోకలి వెనకాలే వచ్చింది. హారన్ కొట్టకుండా మనిషిని తొక్కాడు కాబట్టి సన్నాయి లైసెన్సు రద్దు చేయాలని కంపెనీయే ఫిర్యాదు చేసింది. విచారణకి రవాణా శాఖ అధికారి వస్తాడు. సన్నాయికి బండి నడపడం తప్ప మరో పని రాదు. లైసెన్సు పోతే వాడూ, పిన్ని కూతురూ, ఇప్పుడు సగం పాదంతో వాళ్ళింట్లోనే పడుండాల్సిన పిన్నీ, అందరూ కలిసి గాలి మింగాలి.

మేనేజరు పళ్ళబుట్ట పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. పిన్ని కూతురు మంచం పక్కన గోడకానుకుని నిలబడి ఉంది.

"అమ్మా, జరిగిందేదో జరిగింది. మీరు మా మనిషి" అన్నాడు. "అధికారి అడిగితే మీ అల్లుడు అజాగ్రత్తగా నడిపాడని ఒక్క మాట చెప్పండి. అబద్ధం కాదు కదా. హారన్ కొట్టలేదు కదా?"

"కొట్టలేదండి" అంది పిన్ని.

"అదే. ఆ మాట చెబితే చాలు. మీకు కూర్చునే పని ఏదైనా చూస్తాను."

"ఇన్నాళ్ళూ నేను నిలబడి కుట్టానాండీ?"

మేనేజరు ఒకసారి దగ్గి, నవ్వేశాడు. "అల్లుడంటే మీకెంత ప్రేమో యార్డంతా తెలిసిందే. మీకు కొత్తగా చెప్పాలా?"

"ఉన్నమాటే చెబుతానండి. కానీ మీ మీటింగు హాలు మేడమీద కదా. ఈ కాలితో మెట్లెక్కలేను. విచారణ కింద మీ గదిలోనే పెట్టించండి."

"అదెంత పనమ్మా!" అన్నాడు. తనే స్వయంగా ఒక పండు ఒలిచి ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో కూతురు భగ్గుమంది. "నీకు నీ అల్లుడంటే పడదని తెలుసుగానీ, మా నోటి దగ్గర ముద్ద లాగేస్తావని అనుకోలేదమ్మా. వాళ్ళు పండు ఒలిచి పెడితే నువ్వు మా చర్మం ఒలిచి ఇస్తావా?"

"అరవకు, కుట్లు లాగుతున్నాయి" అంది పిన్ని. "రేపట్నుంచి నా సూదులు తీసుకెళ్ళి ఆ షెడ్డులో కూర్చో. ఖాళీగా ఉందంటే ఇంకొకర్ని పెట్టేస్తారు."

"ఆ చోటులోనా?"

"ఆ చోటులోనే. ఇంకో చోటు వాళ్ళు ఇవ్వలేదు, మనకి లేదు."

నేను ఊరుకోలేక డ్రైవర్ల దగ్గరికెళ్ళాను. టీకొట్టు ముందు అందరూ ఉన్నారు. "హారన్ కొట్టొద్దని మేనేజరు అన్నాడని ఒక్కరైనా సాక్ష్యం చెప్పండి. సన్నాయి మీవాడే కదా" అన్నాను.

ఒకడు, ఆ రోజు తనకి జలుబు చేసి చెవులు దిబ్బడ వేశాయన్నాడు. ఇంకొకడు, మేనేజరు పెదాలు కదిలాయి గానీ మాట తనదాకా రాలేదన్నాడు. గోడ అడ్డం కదండీ అని అడిగిన ఆ ముసలాయన టీలోకి చూస్తూ కూర్చున్నాడు, జవాబు అందులో ఉన్నట్టు. అందరికన్నా నెమ్మదిగా బండి నడుపుతాడని మేం నత్త అని పిలిచేవాడొకడున్నాడు. వాడు మాత్రం నా మొహంలోకి చూశాడు. "నాకు ఆ మాట వినబడిందన్నా. కానీ చెప్పలేను. చెబితే జన్మంతా వరుసలో ఆఖరికే."

"ఊరంతా దద్దరిల్లేలా హారన్ కొడతారు కదరా! ఒక్క మాట దగ్గర గొంతు పడిపోయిందా?" అన్నాను.

వాళ్ళ మీద అరిచి లాభం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నా వెనక ఒకడు టీకొట్టువాణ్ణి ఇంకో టీ కోసం హారన్ కొట్టి పిలిచాడు.

విచారణ రోజు వచ్చింది. మేనేజరు గది. గోడ మీద "భద్రతే మా ఊపిరి" అని పెద్ద పటం. దాని కిందే ఆ కిటికీ. అధికారి కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, విసుగెత్తిన మనిషి. ఒకపక్క సన్నాయి, తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని. ఇంకోపక్క పిన్ని, చంకలో కర్రతో. ఆమెని మోసుకొచ్చిన వంకతో నేనూ లోపలే ఉండిపోయాను.

"హారన్ కొట్టావా?" అన్నాడు అధికారి.

"లేదండి."

"ఎందుకు?"

"మేనేజరు గారు కొట్టొద్దన్నారండి."

మేనేజరు రెండు చేతులూ పైకెత్తాడు. "సార్, మలుపు దగ్గర హారన్ కొట్టొద్దని బుద్ధున్నవాడెవడైనా అంటాడా? అనవసరంగా కొట్టొద్దన్నాను, అంతే. రాసిచ్చానా? బోర్డు పెట్టానా? ఎవర్నైనా పిలిచి అడగండి."

అప్పుడు బయట దబ్ దబ్ మని వినిపించింది.

"లోపలికి రండి" అన్నాడు అధికారి.

ఎవరూ రాలేదు. బయట లారీ ఇంజను చప్పుడు మూల తిరిగి వెళ్ళిపోయింది.

"గాలికి తలుపు కొట్టుకుంటోంది సార్" అన్నాడు మేనేజరు.

కాసేపటికి మళ్ళీ దబ్ దబ్.

"రమ్మన్నాను కదయ్యా!" అని అధికారి గదమాయించాడు. లేచి వెళ్ళి తనే తలుపు తీశాడు. వరండాలో పిల్లి కూడా లేదు. వచ్చి కూర్చున్నాడు. "మీ గాలికి మర్యాద తెలుసే. రెండేసి దెబ్బలు కొట్టి ఆగుతోంది."

సన్నాయి ఇక ఆగలేకపోయాడు. "అది గాలి కాదండి. అదే మా హారను."

"ఏది?"

"ఆ దెబ్బలేనండి. హారన్ కొడితే వరుసలో ఆఖరికి పంపుతారని చేత్తో తలుపు కొడతామండి."

మేనేజరు పకపకా నవ్వాడు. "విన్నారా సార్! బండిలో హారన్ పెట్టుకుని తలుపు బాదుతారట. వీళ్ళ తెలివికి నేనా బాధ్యుణ్ణి?"

నవ్వడానికి ఆయనకి హక్కుంది. సాక్ష్యం చెప్పేవాడు ఒక్కడూ లేడాయె.

అధికారి పిన్ని వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా."

"ఇతను నా అల్లుడండి" అంది పిన్ని. "బుద్ధిమంతుడని నేను చెప్పను. చెబితే కళ్ళు పోతాయి, ఇప్పటికే కాలు పోయింది."

మేనేజరు మొహం వికసించింది.

"ఆ రోజు హారన్ కొట్టాడా?"

"లేదండి. కొట్టి ఉంటే తెలిసేది. వీడి హారన్‌కి శవాలు కూడా లేచి పక్కకి జరుగుతాయి."

"మరి ఎందుకు కొట్టలేదు?"

పిన్ని జవాబు చెప్పబోయింది. అప్పుడు మోగింది హారన్. కిటికీకి ఆనుకుని, ఒక్కసారి, గట్టిగా.

మేనేజరు కుర్చీలోంచి ఎగిరాడు. అధికారి లేడు, విచారణ లేదు, నేను లేను, ఎవరూ లేరు. చెవిలో తేనెటీగ దూరినవాడిలా కిటికీ మీద పడి, అద్దం తోసి, తల బయటపెట్టాడు.

"ఎవడ్రా అది? నువ్వా, నత్తా! నా కిటికీ దగ్గర హారన్ కొట్టొద్దని చెప్పానా, లేదా?"

బయటినుంచి నత్త గొంతు: "టార్పాలిన్ అంచు కదులుతోందండి! వెనకాల మనిషి ఉంటుంది కదండీ!"

"ఎవరుంటే నాకేంటి? ఆ ముసలిదాని కాలు పోయాక కూడా నా మాట విన్నారు కదా అనుకున్నా. మళ్ళీ మొదలెట్టారా? పో! వరుసలో ఆఖరికి పో!"

అద్దం లాగేసి ఇటు తిరిగాడు. తిరిగాక గుర్తొచ్చింది, గదిలో ఎవరెవరున్నారో.

అధికారి కలం తీసి రాసుకోవడం మొదలెట్టాడు.

పిన్ని కర్ర మీద బరువు మార్చుకుంది. "నేను చెప్పాల్సింది ఆయనే చెప్పేశారండి. మళ్ళీ నేనెందుకు, నోరు నొప్పి."

ఇంటికి మోసుకెళుతుంటే అడిగాను, ఇదంతా నీ ఏర్పాటేనా పిన్నీ అని.

"గది వరకే నాది. ఆ గోడకి అవతల కూర్చుని ఆయన నోరు రోజూ విన్నదాన్ని. అది గడియసేపు కుదురుగా ఉండదని నాకు తెలుసు. హారన్ గాకపోతే ఇంకోదానికి తెరుచుకునేది."

"మరి నత్త?"

"వాడి సంగతి నాకు తెలీదురా."

నత్తనే అడిగాను. సాక్ష్యం చెప్పలేనన్నవాడు ఆ పని ఎలా చేశాడని. "నేనేం చేయాలనుకోలేదన్నా. మూల దగ్గర టార్పాలిన్ అంచు నేల మీద పాకుతూ కనబడింది, పట్టుకున్న మనిషి కనబడలేదు. అద్దం దించి చెయ్యి బయటపెట్టేంత టైము లేదు. చెయ్యి దానంతటదే హారన్ మీదికెళ్ళింది." టార్పాలిన్ రెండో కొస పట్టుకుని, దారికి వీపు పెట్టి వెనక్కి నడుస్తున్నది పిన్ని కూతురు. హారన్ విని పక్కకి దూకింది. ఆమె రెండు కాళ్ళూ ఇప్పటికీ ఆమెకే ఉన్నాయి.

సన్నాయి లైసెన్సు మిగిలింది, ఒక హెచ్చరికతో. వాడికి హెచ్చరిక. నత్త ఆ రోజు నిజంగానే వరుసలో ఆఖరికి వెళ్ళాడు. ఆ ఆజ్ఞ రద్దయిందని చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఇక మేనేజరుకి పడిన శిక్ష వినండి. ఆయన్ని పెద్దాఫీసుకి తీసుకెళ్ళి భద్రతా విభాగానికి పెద్దని చేశారు. అనుభవం ఉన్న మనిషి కదా మరి. అక్కడ హారన్లు వినబడవట.

కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడిలా ఉన్నాడు, అన్ని చోట్లా కొత్తవాళ్ళు అలాగే ఉంటారు. మూల దగ్గర బోర్డు పెట్టించాడు: "దయచేసి హారన్ మోగించండి." చక్కటి రంగు, చక్కటి అక్షరాలు. బోర్డు ముఖం మాత్రం ఆఫీసు వైపు ఉంది. లారీలో వచ్చేవాడికి దాని వీపు కనబడుతుంది. చూసేవాళ్ళకి ఫొటోలో బాగా పడాలట.

డ్రైవర్లో? పగ్గాలు తెంపుకున్నారు. గేటు దగ్గర హారన్, కాటా మీద హారన్, వరుసలో కదలకుండా నిలబడి హారన్. వారం తిరక్కముందే యార్డులో హారన్‌కి తల ఎత్తే మనిషి లేకుండా పోయాడు. మూల దగ్గర కొట్టే ఆ ఒక్కటీ ఈ గోలలో కలిసిపోయింది. నోరు నొక్కినప్పుడు ప్రమాదం, నోరు వదిలినప్పుడు అదే ప్రమాదం. ఎవడూ మధ్యలో ఆగడు.

సన్నాయి అయితే లైసెన్సు దక్కిన సంబరంలో ఇంటి ముందు బండి ఆపి ఆ పాట మొత్తం వాయించాడు. పిన్ని కర్ర పోటేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె చేతిలో ఒక చెప్పు. విసిరింది. లారీ అద్దానికి తగిలి కింద పడింది. ఎడమ కాలి చెప్పు.

"అది నాకిక అక్కర్లేదు. నీకోసమే దాచాను" అంది.

వాడు దిగి, ఆ చెప్పు తీసుకుని, చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రమే పాట హారన్ పీకించి మామూలుది పెట్టించాడు. పిన్ని కొత్త తిట్టు ఏదీ కనిపెట్టలేదు. వాడికి ముందు అన్నం పెట్టమని కూతురికి చెప్పింది.

ఇంతే కథ. మీకు జాలేసిందా? మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. నాకు కావాల్సింది వేరే.

ఆ బోర్డుని తిప్పండి. తిప్పడానికి ఒక మనిషి, ఒక నిచ్చెన చాలు, కమిటీ అక్కర్లేదు. మూల దగ్గర అవతలి దారి కనబడేలా గుండ్రటి అద్దం బిగించండి. పెద్దాయన స్నానాలగదిలో ఉన్నదాని కన్నా చిన్నదైనా ఫర్వాలేదు. ప్రాణం కోసం హారన్ కొట్టినవాణ్ణి వరుసలోంచి వెనక్కి పంపబోమని, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, గేటుకి అంటించండి. ఈసారి నోటి మాట మాకొద్దు.

డ్రైవరన్నలూ, మీకూ చెబుతున్నా. కనబడని మలుపు దగ్గర, ఎదురుగా బండి వస్తుందో లేదో తెలియని ఎత్తు దగ్గర, వెనక్కి తీసేటప్పుడు, మిమ్మల్ని చూడని మనిషి మీ దారిలో ఉన్నప్పుడు కొట్టండి. ఒక్కసారి. ఎవడు వద్దన్నా కొట్టండి. టీ కోసం, కోపం కోసం, పాట కోసం మాత్రం ఆ మీట మీద చెయ్యేశారో, పిన్ని దగ్గర కుడికాలి చెప్పు ఇంకా ఉంది.

ఇవన్నీ రేపు చేసినా సరే. కానీ ఒకటుంది, అది రేపటిదాకా ఆగదు. నేనిది చెబుతున్న ఈ గడియలో కూడా పిన్ని కూతురు అదే షెడ్డులో, అదే గోడ వెనక కూర్చుని కుడుతోంది. బొటనవేలితో టార్పాలిన్ అంచు తొక్కిపట్టి ఉంది. ముందు ఆ షెడ్డు పీకండి. ఆమెను అక్కణ్ణుంచి లేపండి. ఇప్పుడే.